సోయా చిక్కుడు వేరు ఎవరిని రానిచ్చును?

పైరు పూతకు వచ్చిన దినములలో సోయా చిక్కుడు మొక్కనొకదానిని మెల్లగా పెకలించి, వేళ్ళను నీటిలో కడిగి చూడుడు. మిరియపు గింజలంతటి బుడిపెలు కనబడును. ఒకదానిని గోటితో చీల్చినపుడు లోపల ఎఱ్ఱగా నున్నచో అది చక్కగా పనిచేయుచున్న బుడిపె. లాతూరు, నాందేడు, బీదరు ప్రాంతములలోని మన పిల్లలు ఈ పరీక్షకై దూరము పోనక్కఱలేదు.

ఆ బుడిపెలలో బ్రాడీరైజోబియమను బాక్టీరియా నివసించును. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని యున్నను మొక్క దానిని నేరుగా గ్రహింపజాలదు. ఈ బాక్టీరియా దానిని అమ్మోనియాగా మార్చి మొక్కకిచ్చును. మొక్క బదులుగా దానిని పోషించును.

అయితే వచ్చిన ప్రతిదానికిని వేరు తలుపు తీయదు. వేరు జెనిస్టీన్ వంటి పదార్థములను మట్టిలోనికి స్రవించును. వాటిని గుర్తించిన బాక్టీరియా తానును ఒక రసాయన సంకేతమును పంపును. అది సరిపడినచో వేరునూగు వంగి, బాక్టీరియాను తన మడతలో పట్టి లోనికి దారి యిచ్చును.

1954లో అమెరికా శాస్త్రజ్ఞులు బుడిపెలు పుట్టని సోయా మొక్కనొకదానిని వర్ణించిరి. అదియు వ్యర్థము కాలేదు. మామూలు మొక్క ప్రక్కన దీనిని పెంచి, రెంటిలోని నత్రజనిని పోల్చినచో, గాలినుండి వచ్చిన భాగమెంతయో తెలియును.

ఇంతకంటె విచిత్రమైనది హార్డీ యను రకము. ఇది కొన్ని తెగలనే నిరోధించును. అమెరికా వ్యవసాయ శాఖవారు 122 అని సంఖ్య వేసిన తెగ వానిలో నొకటి. ఇందుకు కారణమైన జన్యువును గూర్చి 1966లో కాల్డ్‌వెల్ ప్రకటించెను. 2010లో దాని నిర్మాణము బయటపడగా, అది తెగుళ్ళ నెదిరించు జన్యువుల కుటుంబమునకు చెందినదని తేలెను! ఆ తెగ తనలోని ఒక మాంసకృత్తును వేరుకణములలోనికి ఎక్కించును. మొక్క దానిని శత్రుచిహ్నముగా నెంచి ప్రవేశమును ఆపివేయును. ఆ మాంసకృత్తులో మూడు చోట్ల నుండు అమైనో ఆమ్లములే ఈ నిరాకరణమునకు మూలమని 2018లో జపాను శాస్త్రజ్ఞులు చూపిరి. మేలు చేయవచ్చిన వానిని దొంగయని తఱుముట కాదా యిది?

కాని ఈ గుణమును రైతునకు ఉపయోగపఱుపవలెనని కొందఱు తలచిరి. అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రముల నేలలలో 123 అను తెగయు, దాని బంధువులును స్థిరపడియున్నవి. రైతు మేలైన తెగను విత్తనమునకు పట్టించినను, బుడిపెలలో అధిక భాగమును ఈ పాతకాపులే ఆక్రమించును. అందుచే 123ను నిరోధించు సోయా రకములను వెదకి, 1980 దశకమున కొన్నింటిని కనుగొనిరి. పాతవానికి తలుపు మూసి క్రొత్తవానికి తెఱచు మొక్క కావలెనని వారి యాశ. అది పూర్తిగా ఫలింపలేదు. 123 బంధువులలో కొన్ని ఆ కాపు దాటి లోనికి పోగలవు.

మన రైతులు వాడు రైజోబియం కల్చరు పొట్లముల సంగతియు ఇట్టిదే. సోయా ఎన్నడును వేయని చేనిలో దానివలన మేలు స్పష్టముగా కనబడవచ్చును. ఏండ్లతరబడి వేసిన చేనిలో పాతకాపుల పోటీ తప్పదు. పొట్లములోనివి ప్రాణులు గనుక ఎండ సోకిన చచ్చును. పొడిని చల్లార్చిన బెల్లపు నీటితో గింజలకు పట్టించి, నీడన ఆరనిచ్చి, ఆ దినముననే విత్తవలెను.