వియత్నాం యాత్ర.. పొదుపంతా ప్రణాళికలోనే

తక్కువ ఖర్చుతో విదేశం చూసిరావాలనుకునే మధ్యతరగతి కుటుంబాలకు వియత్నాం అనువైన దేశం. అయితే అక్కడికి వెళ్లాక బేరమాడి మిగుల్చుకునేది స్వల్పమే. బయలుదేరక ముందు తీసుకునే నిర్ణయాలపైనే ఖర్చు ఆధారపడి ఉంటుంది.

వీసా: ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఈ-వీసాకు స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకసారి ప్రవేశానికి రుసుము 25 డాలర్లు. 2023 ఆగస్టు 15 నుంచి గరిష్ఠ గడువును 90 రోజులకు పెంచారు. ప్రభుత్వ సైటు చిరునామా 'గవ్ డాట్ వీఎన్'తో ముగుస్తుంది. దానిని పోలిన ప్రైవేటు సైట్లను ఆశ్రయిస్తే అదనపు వడ్డన తప్పదు.

సమయం: మధ్య వియత్నాంలో అక్టోబరు, నవంబరు నెలల్లో భారీ వర్షాలు, వరదలు సాధారణం. జనవరి, ఫిబ్రవరి నెలల మధ్య వచ్చే నూతన సంవత్సర పండుగ 'టెట్' సమయంలో ప్రయాణ ఛార్జీలు పెరుగుతాయి. చాలా దుకాణాలు మూతపడతాయి.

మార్గం: ఉత్తరాన హనోయి, దక్షిణాన హోచిమిన్ సిటీ. వీటి మధ్య రైలుమార్గం 1,726 కిలోమీటర్లు. ఒక నగరంలో దిగి, మరో నగరం నుంచి స్వదేశానికి బయలుదేరితే వెనక్కి మళ్లే ఖర్చు ఉండదు. రాత్రి రైలెక్కితే గది అద్దె కలిసొస్తుంది. మధ్యలో డా నాంగ్‌లో దిగి, చంపా రాజులు నిర్మించిన మి సన్ శైవాలయాలను దర్శించవచ్చు. అక్కడ సంస్కృత శాసనాలున్నాయి.

భోజనం: కూరల్లోనూ చేపల సాస్ కలుపుతుంటారు. శాకాహారులు 'చాయ్' అన్న బోర్డు చూసుకోవాలి. వారి భాషలో అది తేనీరు కాదు, శాకాహారం.

నగదు: 20 వేలు, 5 లక్షల డాంగ్‌ల నోట్లు రెండూ నీలిరంగులోనే ఉంటాయి. తొందరలో ఒకదానికి బదులు మరొకటి ఇస్తే 25 రెట్లు నష్టం. సున్నాలు లెక్కపెట్టాకే చేయి చాచడం మేలు.