ఉచితపు టీ, కూలి లెక్క

పనిచేయు చోట యజమాని ఇచ్చు టీ, ఫలహారము, భోజనము కూలిలో భాగమా, కూలికి పైన ఇచ్చునదా, లేక కేవలము దయయా? వినుటకు చిన్న ప్రశ్నయే. కాని మా సంఘములో నేత మజూరీ తిరుగ నిర్ణయించవలసి వచ్చినప్పుడెల్ల ఈ టీ గ్లాసు మధ్యకు వచ్చి కూర్చుండుచున్నది. షోలాపురము, భీవండి మొదలుకొని బరంపురము వరకు మగ్గము మీదనో, సాంచాల మీదనో బ్రతుకు మన కుటుంబములన్నిటికిని తగులు విషయము గనుక, సభ్యులు నాతో చెప్పిన మాటలను, నాకు తెలిసిన లెక్కలను ఇక్కడ వ్రాయుచున్నాను.

మొదట షెడ్డులో నేయువారి మాట. వీరిలో పెక్కుమంది టీ కావలెననియే చెప్పుదురు. నాలుక రుచి కొరకు కాదు. గుంట మగ్గములో కాళ్లు దించి కూర్చున్న మనిషి లేచి, వీధి చివరనున్న కొట్టునకు పోయి, అక్కడ నలుగురితో ఒక మాట మాట్లాడి, తిరిగి వచ్చి నాడె పట్టుకొనుసరికి అరగంట గడచును. మనది చీర లెక్క, గజము లెక్క కూలి. మగ్గము ఆగినంతసేపు నష్టము నేతగానిదే. "టీ ఖరీదు ఏపాటిది సెక్రటరీగారూ, పోయివచ్చే పొద్దే ఖరీదు" అని మా పెద్ద నేతగాడొకరు చెప్పినది నిజము. షెడ్డునకే టీ వచ్చినచో ఆ పొద్దు మిగులును. యజమానికిని సరకు వేళకు దిగును. ఇద్దరికిని లాభమున్న చోట దీనిని దయ అనుటకు వీలులేదు, దోపిడి అనుటకును వీలులేదు.

అయితే టీ త్రాగనివారును ఉన్నారు. మా షెడ్డులోనే ఒకాయనకు మధుమేహము. "నాకు షుగరు వచ్చి నాలుగేండ్లాయె. నా వంతు టీ ఎవరు తాగుతున్నారో కాస్త లెక్క చూసి చెప్పండి" అని నవ్వుచు అడిగినాడు. నవ్వులాటకు అడిగినను అందులో న్యాయమున్నది. డబ్బు ఇచ్చినచో ఎవరికి కావలసినది వారు కొనుక్కొందురు. వస్తువు ఇచ్చినచో, అది అక్కరలేనివానికి దాని విలువ సున్న.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది ఇంటి వద్ద కండెలు చుట్టు ఒక తల్లి మాట. "మా ఇంటాయనకు అక్కడ రెండు పూటలా టీ పోస్తున్నారు, సంతోషమే. ఆయన నాడెలో పడే కండె ఇక్కడ నేను చుట్టిందే గదా అన్నా! నాకెవరు పోశారు?" అన్నది. నేను జవాబు చెప్పలేదు. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణనలో 35 లక్షలకు పైగా చేనేత పనివారు తేలగా, వారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. కండెలు చుట్టుట, ఆసు పోయుట, అచ్చు అతుకుట మొదలగు పనులు చాలవరకు ఇంటి గడప లోపలనే జరుగును. షెడ్డులో పోసిన టీ గడప దాటి ఇంటికి రాదు. గజమునకు పెంచిన కూలి వచ్చును. (అదియును నేరుగా ఇంటికే వచ్చునా, దారిలో ఎక్కడైన ఆగునా అనునది వేరే సంగతి. ఆడవారు దానిని గూర్చియు నాతో చెప్పినారు; ఇక్కడ వ్రాయను.)

ఇంతకు ఈ పని మధ్య టీ మన తాతల నాటి ఆచారము కాదు. వారికి అంబలి, చద్దన్నము, మజ్జిగయే తెలియును. పడుగునకు పెట్టు గంజియు, పొట్టకు పోయు గంజియు ఒకే బియ్యము నుండి వచ్చెడివి. 1903లో టీ సెస్సు చట్టము చేసి, ఆ సొమ్ముతో టీ అమ్మకము పెంచుటకు ప్రచారము సాగించిరి. 1914-18 యుద్ధకాలములో మిల్లులలో, గనులలో, ఫ్యాక్టరీలలో టీ దుకాణములు పెట్టించిరి. అమ్మదలచినవారు నేర్పిన అలవాటు ఇది. అలవాటైనది గనుక ఇప్పుడు కావలెను, దానికేమి.

ఏమి త్రాగవలె ననుదానితో పాటు ఎంతసేపు కూర్చుండవలె ననునదియు పనివారికి పాత తగవే. మదరాసులో పెరంబూరు వద్దనుండిన బకింగ్‌హాం, కర్ణాటక్ మిల్లుల పనివారు 1918లో బి. పి. వాడియాగారితో చెప్పుకొన్న కష్టములలో ఒకటి మధ్యాహ్నపు విరామము చాలదనునది. అరగంటలో చేతులు కడుగుకొని, అన్నము తిని, తిరిగి మర వద్ద నిలువవలెను. ఆ ఏటి ఏప్రిల్ 27న మదరాసు లేబరు యూనియను ఏర్పడినది. నేటికిని సాంచాల షెడ్లలో చూడుడు. మర ఆగదు. నూలు దుమ్ము ఎగిరి గ్లాసులో పడుచుండును. మనిషి నిలుచుండియే ఒక కన్ను దారము మీద ఉంచి రెండు గుటకలలో త్రాగివేయును. అక్కడ పనివానికి అందినది టీ మాత్రమే, విరామము కాదు.

ఇక లెక్క. బయట టీ 10 రూపాయలు, దినమునకు రెండు, నెలకు 26 పనిదినములు అనుకొందము. బయట కొన్నచో నెలకు 520 రూపాయలు. షెడ్డులో ఒక్కమారుగా కాచినచో గ్లాసు 6 రూపాయలకు పడుననుకొన్న, యజమాని ఖర్చు 312. ఆ 312 చేతికిచ్చినచో బయట అన్ని టీలు రావు. కావున టీ త్రాగు పనివానికి షెడ్డు టీయే మేలు. ఇంతవరకు టీ పక్షమే గెలిచినది.

కాని అదే 312 కూలిలో చేరియుండినచో దానిని పట్టుకొని మరికొన్ని నడచును. 20 మందికి తక్కువ కాకుండ పనిచేయు, బోనసు చట్టము వర్తించు చోట, కనీస బోనసు 8.33 శాతము, అనగా పండ్రెండవ వంతు. ఏడాదికి 3,744 రూపాయలపై అది ఇంచుమించు 312, ఒక నెల టీ సొమ్ముంత. మన సంఘములలో పొదుపు నిధి కోత కూలి రూపాయి మీదనే గాని టీ మీద లేదు. బ్యాంకువారు అప్పు ఇచ్చునప్పుడు చూచునది కూలి పుస్తకము.

నేనెరిగిన ఒక కార్ఖానాలో, పేరు అక్కరలేదు, రేటు పెంచుమని అడిగినప్పుడెల్ల ఆసామి "రెండు పూటలా టీ పోస్తున్నాను, దసరాకు మిఠాయి ఇస్తున్నాను, ఇంకేమి?" అనెడివాడు. మూడేండ్లు ఆ మాటతోనే గడచినవి. తరువాత సరకు కదలక నిలిచిపోయిన కాలమున మొదట ఆగినది ఆ టీయే. ఏ కాగితములోను లేదు గనుక ఎవరును అడుగలేకపోయిరి.

కావున చూడవలసినది ఒక్క మాట. కూలికి "అదనముగా" ఇచ్చుచున్నారా, కూలికి "బదులుగా" ఇచ్చుచున్నారా? ఇది పాత జాడ్యమే. కూలికి బదులు సరకులు అంటగట్టుటను ఇంగ్లండులో నేతపని మొదలగు వృత్తులలో 1831 నాటి ట్రక్ చట్టము నిషేధించినది. మన దేశములో 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టము, పనివాడు ఒప్పుకొన్న సదుపాయమునకే, దాని విలువకు మించకుండ కోత పెట్టవచ్చునని చెప్పినది. దాని స్థానములో 2019లో చేసిన వేతనముల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము, కూలికి బదులు వస్తురూపముగా ఇచ్చినది మొత్తము కూలిలో 15 శాతము మించనంతవరకు కూలి క్రిందనే లెక్కకు వచ్చును. నెలకు 12,000 రూపాయల కూలి అయినచో 1,800 వరకు. నెల పొడుగున భోజనము పెట్టు చోట "బదులు" అని వ్రాసికొన్న, చేతికి వచ్చు నగదు ఆ మేరకు తగ్గును. "అదనము" అని వ్రాసికొన్న తగ్గదు. రెండు మాటలకు నడుమ నున్న దూరము ఇంతటిది.

క్యాంటీను సంగతి కూడ చెప్పి ముగింతును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టములో 250 మందికి మించి పనిచేయు చోటనే క్యాంటీను తప్పనిసరి. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్, ఇదియును 2025 నవంబరు 21 నుండి అమలు, దానిని కాంట్రాక్టు పనివారితో కలిపి 100 మందికి దించినది. ఉచితముగా పెట్టుమని రెండింటిలోను లేదు. అయినను మన షెడ్లలో 100 మంది ఉండునవి ఎన్ని? ఇంటి మగ్గమునకు క్యాంటీను మాటయే లేదు.

చట్టము చేరని చోట పనివారు తమ తిండి తామే చూచుకొనిరి. బొంబాయి మిల్లుల పనివారికి ఖానావళులు నడిపి అన్నము పెట్టిన స్త్రీలను ప్రేమా పురవ్ గారు 1975లో అన్నపూర్ణా మహిళా మండలముగా కూడగట్టిరి. భీవండిలో సాంచాల పనివారు నెలకింతయని కట్టి తిను భోజనశాలను "భిస్సీ" అందురు. రుచికి పేరు లేదు గాని యజమాని దయతో పని లేదు. సేటు మారినను అన్నము మారదు. అయితే 2020 మార్చిలో దేశమంతట తాళము పడినప్పుడు సాంచాలు ఆగినవి, కూలి ఆగినది, కట్టుటకు డబ్బు లేక భిస్సీ అన్నమును అందలేదు. వేలమంది ఊళ్లకు నడక పట్టిరి. చేతిలో నాలుగు రూపాయలు నిలువ ఉన్నవారు కొన్నాళ్లు ఓర్చుకొనిరి. ఏండ్ల తరబడి ఉచితముగా త్రాగిన టీ ఆనాడు ఎవరికిని అక్కరకు రాలేదు.

సహకార సంఘములో చిక్కు ఇంకొక తీరు. ఇక్కడ యజమాని లేడు. షెడ్డులో పోయు టీ సభ్యులందరి సొమ్ము. ఇంటి మగ్గముల సభ్యులు "మా లాభములో నుండి షెడ్డువారు టీ తాగుతున్నారు" అనుట సహజమే. అందుకని మా కార్యవర్గము ముందు ఒక సూచన పెట్టినాను. టీ ఖర్చును ప్రత్యేక పద్దుగా చూపవలెను. మనిషికి ఎంత పడునో అంత సొమ్మును ఇంటి మగ్గములవారికి, కండెలు చుట్టువారికి, టీ వద్దనువారికి నగదుగా ఇవ్వవలెను. మినిట్సు పుస్తకములో "కూలికి అదనము" అను మాట స్పష్టముగా వ్రాయవలెను. ఒక డైరెక్టరుగారు "లెక్క వ్రాసే శ్రమ టీ ఖరీదుకంటె ఎక్కువౌతుంది" అన్నారు. కండెల లెక్క పుస్తకము ఉండనే ఉన్నది, అందులో మరొక గడి గీసికొన్న చాలునని నేను చెప్పినాను.

టీ పోయు చోటు మాత్రము మగ్గములకు దూరముగా ఉండవలెను. పట్టు పడుగు మీద ఒక చుక్క పడినచో ఆ చీర రెండవ రకమునకు దిగును, కోత నేతగాని కూలిలో పడును. మా షెడ్డులో వసారాలో బల్ల వేయించినాము. త్రాగువారు లేచి పోవుదురు, నడుమునకును కాస్త ఊరట. దాని ప్రక్కననే మంచినీళ్ల బిందె. నీళ్లకు లెక్క లేదు.

సూచన వచ్చే మహాజనసభకు రానున్నది. ఇతర ఊళ్ల సంఘములలో కండెలు చుట్టువారికి ఈ విధమైన సొమ్ము ఏ రీతిని ఇచ్చుచున్నారో, ఇవ్వనిచో ఎందుకు ఇవ్వలేదో, కార్యదర్శులు నాలుగు ముక్కలు వ్రాసి పంపినచో సభలో చదివి వినిపింతును.