గాలం వేసే చేప

కొరమీను గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మాటు వేసి వేటాడటంలో అది దిట్ట. చెరువులో నాచు మాటున కదలకుండా నిలబడి, దగ్గరకొచ్చిన చిన్న చేపను గుటుక్కున మింగేస్తుంది. ఆ విద్యలో కొరమీనును తలదన్నే చేప బంగాళాఖాతంలో ఉంది. దాని పేరు ఫ్రాగ్‌ఫిష్. ఇది మాటు వేసి ఊరుకోదు, ఎరను కూడా వెంట ఉంచుకుంటుంది.

కోరమాండల్ తీరంలో దొరికిన ఒక రకాన్ని 1801లోనే శాస్త్రగ్రంథానికి ఎక్కించారు. జర్మన్ శాస్త్రజ్ఞుడు బ్లాక్ మొదలుపెట్టి వదిలిన గ్రంథాన్ని, ఆయన చనిపోయాక ష్నైడర్ పూర్తిచేసి ఆ ఏడాది అచ్చువేశాడు. అందులో వర్ణించిన ఆ రకాన్ని ఇవాళ ఆంటెనేరియస్ హిస్పిడస్ అంటున్నారు. మహా పెరిగితే జానెడు. ఒళ్లంతా గరుకు, పసుపు లేదా గోధుమరంగు మీద నల్లటి చారలు.

వీపు మీది మొదటి ముల్లే దానికి గాలపు కర్ర. ఆ ముల్లు పై పెదవికి కాస్త పైన మొలుస్తుంది. కొసన సన్నటి పోగుల గుత్తి వేలాడుతుంటుంది. దాని దగ్గరి బంధువైన మరో రకానికి అక్కడ అచ్చం పురుగు లాంటి ఎర ఉంటుంది. ఫ్రాగ్‌ఫిష్ ఒళ్లు కదపదు, గాలాన్ని మాత్రం ఆడిస్తుంది. ఎరను చూసి ఆశపడి వచ్చిన చేప నోటి ముందుకు చేరగానే కథ ముగుస్తుంది.

ఎంత వేగంగా? 1979లో గ్రోబెకర్, పీట్ష్ అనే శాస్త్రజ్ఞులు హైస్పీడ్ కెమెరాతో చిత్రీకరించి లెక్కగట్టారు. నోరు తెరిచి వేటను లోపలికి లాగడానికి పట్టిన సమయం సుమారు 6 మిల్లీసెకన్లు. రెప్పపాటులో వందోవంతు సెకను ఎన్నోసార్లు గడుస్తుంది. ఈ చేపకు అందులో ఒక్కటి కూడా అక్కర్లేదు. నోటి లోపలి ఖాళీ ఒక్కసారిగా పన్నెండు రెట్లు పెరగడంతో, చుట్టూ ఉన్న నీళ్లతో పాటు వేట కూడా లోపలికి కొట్టుకుపోతుంది. నమలడమన్నది లేదు.

ఈత దానికి పెద్దగా పట్టుబడలేదు. మోచేయిలా వంగే రెక్కల మీద సముద్రపు అడుగున నడుస్తుంది. ఆ రెక్కల వెనక చిన్న రంధ్రాలుగా మిగిలిన మొప్పల దారుల్లోంచి నీళ్లు చిమ్ముతూ ముందుకు తోసుకుపోతుంది. పరిసరాలను బట్టి కొన్ని వారాల్లో రంగు కూడా మార్చుకోగలదు.

తినే చేప కాదు కాబట్టి ట్రాల్ వలలో పడినా దీన్ని ఎవరూ బుట్టలో వేసుకోరు. విశాఖ హార్బర్‌లో పనికిరాని చేపల కుప్పలో ఇలాంటిది కనిపిస్తే ఒక ఫోటో తీయండి. ఎక్కడ, ఎంత లోతులో పడిందో మత్స్యకారులను అడిగి, ఆ ఊళ్లోనే ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రానికి తెలియజేయండి.