బిడ్డను చేర్చుటకు వచ్చినవారు – తిరుపతిలో రెండు దినములు

తిరుపతి అనగానే మనసు కొండమీదికి పోవును. బండి దిగుట, దర్శనము, ప్రసాదము, మరల బండి యెక్కుట – మనలో పలువు రెరిగిన తిరుపతి ఇంతియే. కాని ఇది విద్యాస్థానము కూడ. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లోను, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము 1983లోను, ఐ.ఐ.టి. 2015లోను ఏర్పడినవి. ఏటేట ఎందరో తల్లిదండ్రులు బిడ్డలను చేర్చుటకై ఇచ్చటికి వచ్చుచుందురు. ఈ నాలుగు మాటలును వారి కొరకు.

నన్ను చేర్చిననాడు మా నాన్నగారు ఫీజు కట్టి, హాస్టలులో పెట్టె దించి, దర్శనము చేసికొని, రాత్రి బండికే వెడలిపోయిరి. ఆయనకు సెలవు లేదు. తరువాత నెల దినములు గదియు, తరగతియు, భోజనశాలయు తప్ప నేనేమియు నెరుగను. ఆదివారము వచ్చినదన్న దిగులు పుట్టెడిది. అందుచేతనే మా అమ్మాయిని చేర్చినప్పుడు నేను రెండు దినములు నిలిచితిని.

ముందు బస సంగతి. రైలు స్టేషనుకు ఎదుట విష్ణునివాసము, బస్సు స్టాండునకు ఎదుట శ్రీనివాసము అను దేవస్థానము వారి వసతి గృహములు కలవు. గుర్తింపు పత్రము వెంట నుండవలెను. బ్రహ్మోత్సవములప్పుడును, వైకుంఠ ఏకాదశికిని అచ్చట గది దొరకుట కష్టము. లాడ్జీలో ముందుగానే చెప్పుకొనుట మేలు. కళాశాల పని ముగియువరకు కొండమీద బస వలదు. ఒక్క కాగితము తక్కువైనను మరల ఘాటు దిగి రావలసి యుండును.

మొదటి దినమున చేర్పు పని తీరినపిమ్మట సాయంకాలము బిడ్డతో ఊరిలో నడువుడు. స్టేషనుకు సమీపముననే గోవిందరాజస్వామి ఆలయమున్నది. 1130లో రామానుజులు ప్రతిష్ఠించిరని ప్రసిద్ధి. దాని చుట్టునున్న వీధులలోనే బకెట్టు, తాళము, దుప్పటి వంటివి కొనవచ్చును. కొండ పాదమున కపిలతీర్థము కలదు. వానకాలమున అచ్చట కొండమీదినుండి నీరు కోనేటిలోనికి దూకుచుండును. పుస్తకప్రియులైనచో విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థను గుర్తుంచుకొనుడు. దేవస్థానము 1939లో నెలకొల్పిన ఆ సంస్థలో తాళపత్రములు భద్రముగా నున్నవి.

రెండవనాడు ఉదయమున చంద్రగిరికి పోవచ్చును. విజయనగర రాజుల చివరి రాజధానులలో నిది యొకటి. మూడంతస్తుల రాజమహలును రాయి, ఇటుక, సున్నములతోనే కట్టిరి, కలప వాడలేదు. లోపల పురావస్తు ప్రదర్శనశాల యున్నది, శుక్రవారము సెలవు. చంద్రగిరికి దగ్గరలోనే శ్రీనివాస మంగాపురము. ఆ చేరువనుండి కొండకు శ్రీవారి మెట్టు దారి బయలుదేరును; మెట్లు 2,388. అలిపిరి దారిలో దాదాపు 3,550.

బస్సులో కొండకు పోవువారు ఘాటు రోడ్డు ప్రక్కనున్న రాతిని గమనింపుడు. అడుగున కణశిల, దానిపై పొరలుపొరలుగా వేరొక రాయి. ఈ రెంటి నడుమ దాదాపు 80 కోట్ల సంవత్సరముల ఎడమున్నదని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్కించిరి. అంతకాలపు చరిత్రకు ఇచ్చట రాతిలో ఆనవాలు మిగులలేదు. తిరుమలపై శిలాతోరణమును గాలియు నీరును చెక్కినవే. చదువు తరగతిగదిలోనే యుండదని బిడ్డకు చెప్పుటకు ఇంతకన్న మంచి చోటు అరుదు.

ఇన్నియు చూచి తీరవలెనని కాదు. రెండు మూడు చోట్లకు కలిసి నడచిన చాలును. ఏ బస్సు ఎక్కవలెనో, ఏ వీధిలో ఇడ్లీ బాగుండునో తెలిసినచో ఊరు కొంత తనదగును. దర్శనము మరియొకసారి యైనను దొరకును. బిడ్డ క్రొత్త ఊరిలో ఒంటరిగా నిలుచు మొదటి దినము మరల రాదు.

నేను బండి యెక్కునప్పుడు మా అమ్మాయి కన్నీరు పెట్టుకొన్నది. పిదప తుడుచుకొని, “ఆదివారం మా గది పిల్లలను కపిలతీర్థానికి తీసుకువెళతాను నాన్నగారూ, దారి నాకే తెలుసు” అన్నది.