ఆరు అరల నమ్మకం

1911 మార్చి 3. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో ఒక పిస్తోలు ఆగకుండా పేలుతోంది. వంద తూటాలు కాల్చడం, ఐదు నిమిషాలు చల్లారనివ్వడం, మళ్లీ వంద. వెయ్యి పూర్తయితే తుడిచి, నూనె పెట్టి, మళ్లీ మొదలు. చేత్తో పట్టుకోలేనంతగా లోహం కాలిపోతే నీళ్లలో ముంచి తీశారు. అలా మొత్తం 6,000 తూటాలు. పోటీకి వచ్చిన సావేజ్ కంపెనీ పిస్తోలు 37 సార్లు మొరాయించింది. కోల్ట్ కంపెనీ తెచ్చిన పిస్తోలు మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. దాన్ని రూపొందించిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ అక్కడే నిలబడి అదంతా చూశాడు. అదే నెల 29న అమెరికా సైన్యం దాన్ని స్వీకరించింది. ఆ ఏడాదే దాని పేరైంది: ఎం1911.

ఏ సైనికుడూ యుద్ధంలో ఒక్క పిస్తోలుతో ఆరువేల తూటాలు కాల్చడు. మరి అంత కఠిన పరీక్ష ఎందుకు? అరవై ఏళ్లకు పైగా రివాల్వర్‌ను నడుముకు కట్టుకు తిరిగిన సైన్యం అది. దాని అనుమానం తీరాలంటే మామూలు పరీక్ష చాలదు. ఆ అనుమానాన్ని పాతకాలపు మొండితనమని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. రివాల్వర్ ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లకు ఆ అనుమానం వెనక ఎంత న్యాయం ఉందో అర్థమవుతుంది.

శామ్యూల్ కోల్ట్‌కు అమెరికాలో రివాల్వర్ పేటెంటు దక్కింది 1836లో. గుండ్రంగా తిరిగే సిలిండర్, అందులో అరలు, అరకొక తూటా. మొదట్లో ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్‌ను వెనక్కి లాగితే సిలిండర్ ఒక అర తిరిగేది. తర్వాత వచ్చిన డబుల్ యాక్షన్ రకంలో ఆ పని కూడా ట్రిగ్గర్‌దే అయింది. వేలు ట్రిగ్గర్‌ను నొక్కుతుంటే సిలిండర్ తిరుగుతుంది, హ్యామర్ లేస్తుంది, చివరికి పడుతుంది. అందుకే ఆ ట్రిగ్గర్ బరువు, ఐదు కిలోల దాకా ఉంటుంది. ఇంత శ్రమకూ ప్రతిఫలం ఒకటే: ఒక తూటా తుస్సుమన్నా ఫరవాలేదు, మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు. పేలని తూటా పక్కకు తప్పుకుని తర్వాతి అర ఎదుటికి వస్తుంది. యంత్రాన్ని నడిపేది మనిషి వేలు. తూటా మంచిదా చెడ్డదా అన్నదానితో దాని నడకకు నిమిత్తం లేదు.

ఆటోమేటిక్ పిస్తోలు ఈ లెక్కను తలకిందులు చేసింది. నిజానికి దాన్ని సెమీ ఆటోమేటిక్ అనాలి, ఎందుకంటే ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క తూటాయే పేలుతుంది. ఇందులో రెండో తూటాను సిద్ధం చేసేది మొదటి తూటా. అది సరిగ్గా పేలితేనే తర్వాతిది గొట్టంలోకి ఎక్కుతుంది. వేలు చేసిన పనంతా మందుగుండు చేతికి వెళ్లిపోయింది.

ఇది సాధ్యం కావడానికి రసాయన శాస్త్రం ఒక అడుగు వేయాల్సి వచ్చింది. పాత నల్లమందు పేలితే దట్టమైన పొగ, గొట్టం నిండా మసి. అంత మసిలో కదిలే భాగాలు త్వరగా బిగుసుకుపోతాయి. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే పొగ రాని మందు తయారు చేశాడు. సరిగ్గా ఆ కాలంలోనే హైరమ్ మాక్సిమ్ తుపాకీ వెనక్కి తన్నే బలంతోనే తుపాకీని నడిపించి చూపించాడు. ఆ రెండూ కలిసిన చోట పిస్తోలు పుట్టింది. 1893లో హ్యూగో బోర్చార్ట్ చేసింది ఆ దారిలో తొలి మైలురాయి. చేతిలో ఇమడని భారీ యంత్రం అది. దాన్ని చిన్నదిగా మలిచి జార్జ్ లూగర్ తన పేరిట చేసిన పిస్తోలును 1900లో స్విట్జర్లాండ్ సైన్యం తీసుకుంది.

బ్రౌనింగ్ చేసిన పరిష్కారం మాత్రం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. సుమారు 15 గ్రాముల గుండు సెకనుకు దాదాపు 250 మీటర్ల వేగంతో ముందుకు దూసుకుపోతుంటే, పిస్తోలు వెనక్కి తన్నక తప్పదు. న్యూటన్ మూడో సూత్రం స్కూల్లో చదువుకున్నదే. కానీ చిక్కంతా కాలంతోనే. గుండు గొట్టం దాటడానికి పట్టేది ఇంచుమించు సెకనులో వెయ్యో వంతు. ఆ క్షణంలో గొట్టంలో ఒత్తిడి భయంకరంగా ఉంటుంది. అప్పుడే వెనక తలుపు తెరుచుకుంటే ఖాళీ ఇత్తడి తొడుగు చీలి, వేడి వాయువు కాల్చేవాడి ముఖం మీదికే వస్తుంది. అందుకని బ్రౌనింగ్ గొట్టాన్నీ, దాని మీద జరిగే స్లైడ్‌నూ పైన గాళ్లతో ఒకదానికొకటి బిగించాడు. పేలగానే ఆ రెండూ కలిసి కొద్ది మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతాయి. ఈలోగా గుండు బయటికి వెళ్లిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు గొట్టం కింద ఉన్న చిన్న లింకు దాని వెనక కొసను కిందికి దించుతుంది, గాళ్లు విడిపోతాయి. స్లైడ్ ఒంటరిగా ఇంకా వెనక్కి వెళ్లి ఖాళీ తొడుగును లాగి పారేస్తుంది, హ్యామర్‌ను ఎత్తుతుంది. తర్వాత స్ప్రింగ్ దాన్ని ముందుకు నెడితే దారిలో పిడిలోని తూటాల పెట్టె, అంటే మ్యాగజైన్, పైనున్న తూటాను గొట్టంలోకి తోసి, మళ్లీ గొట్టంతో ముడిపడుతుంది. కన్నురెప్ప వేసి తీసేలోగా ఇంత తంతూ ముగుస్తుంది. నేడు ప్రపంచంలో తయారవుతున్న పెద్ద పిస్తోళ్లలో చాలా భాగం ఇదే పద్ధతికి పిల్లలు.

అమెరికా సైన్యాన్ని అటు నెట్టింది ఫిలిప్పీన్స్ యుద్ధం. 1892 నుంచీ వాడుతున్న .38 రివాల్వర్, తమ నేల కోసం ఎదురు తిరిగిన మోరో యోధులను ఆపలేకపోతోందని అక్కడి అధికారులు ఫిర్యాదు చేశారు. 1904లో థాంప్సన్, లగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగో పశువుల దొడ్లలో ఎద్దుల మీదా, మనుషుల శవాల మీదా రకరకాల తూటాలు కాల్చి చూశారు. సైన్యానికి .45 అంగుళాలకు, అంటే దాదాపు పదకొండున్నర మిల్లీమీటర్లకు, తక్కువ గుండు పనికిరాదని తేల్చారు. చదవడానికే మనసొప్పని పరీక్ష అది. శాస్త్రంగా చూసినా బలహీనమైనదే, కొన్ని జంతువుల మీద చూసింది పట్టుకుని అంత పెద్ద నిర్ణయానికి రాకూడదు. అయినా ఆ సంఖ్య నిలిచిపోయింది.

కొత్త పిస్తోలుకు ఎక్కువ షరతులు పెట్టింది గుర్రపు దళం. రౌతుకు ఒక చెయ్యి ఎప్పుడూ కళ్లెం మీదే ఉండాలి. పేలడానికి సిద్ధంగా ఉన్న పిస్తోలు గుర్రం ఎగిరినప్పుడు చేజారితే ఏమవుతుంది? రివాల్వర్‌తో అంత భయం లేదు, దాని బరువైన ట్రిగ్గరే దానికి కాపలా. అందుకని పిడి వెనక ఒక మీట పెట్టారు, అరచెయ్యి దాన్ని అదిమితేనే పిస్తోలు పేలుతుంది. అదీ చాలక బొటనవేలితో తిప్పే సేఫ్టీ కావాలన్నారు, దాన్నీ చేర్చారు. ఎం1911 మీద కనిపించే ఈ రెండు సేఫ్టీలూ రివాల్వర్‌కు అలవాటు పడ్డ రౌతులు అడిగి పెట్టించుకున్నవే.

అంత చేసీ రివాల్వర్‌ను సాగనంపలేకపోయారు. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగేసరికి పిస్తోళ్లు చాలలేదు. కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ కంపెనీలు పిస్తోలు తూటానే కాల్చే రివాల్వర్లు చేసి ఇచ్చాయి. పిస్తోలు తూటాకు రివాల్వర్ తూటాకు ఉన్నట్టు వెడల్పు అంచు ఉండదు, సిలిండర్ లోంచి బయటికి నెట్టడానికి పట్టు దొరకదు. అర్ధచంద్రాకారపు ఉక్కు రేకుకు మూడేసి తూటాలు తగిలించి ఆ చిక్కు విప్పారు.

పోలీసులైతే మరో అరవై డెబ్బై ఏళ్లు రివాల్వర్‌ను వదల్లేదు. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దోపిడీదారులతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఏజెంట్లలో ఎక్కువమందివి రివాల్వర్లు. గాయపడిన చేత్తో, రక్తంలో, ఒక్కో తూటానూ ఏరి ఒక్కో అరలో పెట్టడం ఎంత అసాధ్యమో ఆ రోజు తెలిసొచ్చింది. ఆ తర్వాత ఎఫ్‌బీఐ పిస్తోళ్ల వైపు గట్టిగా మళ్లింది. ఎదుటివాడి చేతిలో రైఫిల్ ఉందన్న సంగతి మాత్రం ఈ చర్చల్లో వెనకబడిపోయిందని నాకనిపిస్తుంది. రైఫిల్ ముందు ఏ పిస్తోలైనా చిన్నదే.

ఏళ్ల తరబడి రివాల్వర్ కాల్చిన మనిషి పిస్తోలు ఎంచుకోవాలంటే తూటాలెన్ని పడతాయన్నది చివరి ప్రశ్న కావాలి. ముందు చూడాల్సింది ట్రిగ్గర్. 1929లో వాల్తర్ కంపెనీ పీపీ అనే పిస్తోలు తెచ్చింది. మొదటి తూటాకు రివాల్వర్‌లాగే పొడుగ్గా, బరువుగా లాగాలి. ఆపైన స్లైడే హ్యామర్ ఎత్తిపెడుతుంది కాబట్టి ట్రిగ్గర్ తేలికవుతుంది. పాతవాళ్లకు పరాయిగా ఉండకూడదన్న ఆలోచన మంచిదే. కానీ వేలు ఒకే ఆయుధంలో రెండు బరువులు నేర్చుకోవాలి, మొదటి గుండు ఒకచోటికీ రెండోది ఇంకోచోటికీ వెళ్లడం కొత్తవాళ్లకు మామూలు.

ఆస్ట్రియాలో గాస్టన్ గ్లాక్ దీనికి వేరే జవాబు ఇచ్చాడు. అంతకుముందు కర్టెన్ రాడ్లూ కత్తులూ చేసినవాడు, తుపాకుల పరిశ్రమకు బయటివాడు. ప్లాస్టిక్ చట్రం, 17 తూటాల మ్యాగజైన్ ఉన్న ఆయన పిస్తోలును 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకుంది. దానికి బయట తిప్పాల్సిన సేఫ్టీ మీటలు లేవు. ట్రిగ్గర్ మొదటి తూటాకైనా పదో తూటాకైనా ఒకే బరువు. తియ్యి, గురిపెట్టు, నొక్కు: రివాల్వర్ నేర్పింది ఇదే కదా! అమెరికా పోలీసు శాఖలు దాని వైపు అంత తొందరగా మొగ్గడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఈ పోలికే. అయినా ఒక తేడా ఉంది, దాని ట్రిగ్గర్ బరువు రివాల్వర్‌లో సగం. 1993లో పిస్తోళ్లకు మారిన న్యూయార్క్ నగర పోలీసులు గట్టి స్ప్రింగ్ వేయించి ఆ బరువును ఐదు కిలోలు దాటించారు. పాత వేళ్ల అలవాటుకు కొత్త యంత్రాన్ని సరిచేశారన్నమాట.

ట్రిగ్గర్ తర్వాత మారాల్సింది చేతులు. రివాల్వర్ పట్టేవాళ్లలో కొందరు ఎడమ బొటనవేలిని కుడిచేతి వెనగ్గా అడ్డం వేస్తారు. పిస్తోలుతో అలా పడితే వెనక్కి దూసుకొచ్చే స్లైడ్ ఆ వేలిని కోసేస్తుంది. మణికట్టు వదులుగా ఉన్నా రివాల్వర్ పట్టించుకోదు. పిస్తోలు అలా కాదు. చట్రం కదలకుండా నిలబడితేనే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లగలదు. చెయ్యి కూడా దాంతోపాటు వెనక్కి పోతే స్లైడ్ సగంలో ఆగి తూటా ఇరుక్కుంటుంది. కాల్చేవాడి మణికట్టు కూడా ఆ యంత్రంలో ఒక భాగమే.

వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటుంది. రివాల్వర్ సిలిండర్ పక్కకు తెరిస్తే అన్ని అరలూ ఒక్కసారే కనిపిస్తాయి. పిస్తోల్లోంచి మ్యాగజైన్ ఊడదీస్తే ఖాళీ అయిపోయిందనే అనిపిస్తుంది, కానీ గొట్టంలో ఎక్కి కూర్చున్న ఒక తూటా అక్కడే ఉంటుంది. ఖాళీదే అనుకుని ట్రిగ్గర్ నొక్కి ప్రాణాలు తీసినవాళ్లూ, పోగొట్టుకున్నవాళ్లూ ఎందరో. మ్యాగజైన్ తీశాక స్లైడ్ వెనక్కి లాగి, గొట్టంలోకి కళ్లతో చూడాలి. ఈ ఒక్క అలవాటు వేళ్లలోకి దిగేదాకా రివాల్వర్ మనిషి పిస్తోలు ముట్టుకోకూడదంటాను.

మన దేశంలో పౌరుల లైసెన్సులకు 9 ఎంఎం, .38 నిషిద్ధ బోర్లు. అందుకే లైసెన్సుదారుల మాటల్లో ఎక్కువగా వినిపించేది .32. ఇక్కడా ఒక తికమక ఉంది. కాన్పూర్ ఫ్యాక్టరీ రివాల్వర్ వాడే .32 తూటా వేరు, .32 పిస్తోలు తూటా వేరు. అంకె ఒకటే అయినా ఒకదానిది ఇంకోదానికి కాదు. పిస్తోలు తూటా సాక్షాత్తూ బ్రౌనింగ్‌దే, పంతొమ్మిదో శతాబ్దం చివర బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కంపెనీ కోసం రూపొందించాడు. 1926 నవంబరులో ఆ కంపెనీ ఉన్న లియేజ్‌లోనే ఆయన కన్నుమూశాడు. అప్పటికి సగంలో ఉన్న పిస్తోలును డ్యుడొనే సైవ్ పూర్తిచేస్తే 1935లో హైపవర్ పేరుతో వచ్చింది. మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే 9 ఎంఎం పిస్తోలుకు మూలం అదే.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పోటీపడిన 25 మీటర్ల విభాగంలోనూ వాడేది సెమీ ఆటోమేటిక్ పిస్తోళ్లే, కాకపోతే చిన్న .22 తూటావి. ఆ పోటీల్లో ట్రిగ్గర్ బరువు కనీసం ఒక కిలో ఉంటే చాలు. కాల్పులు ఆగగానే ప్రతి షూటరూ ఒక పని చెయ్యాలి. మ్యాగజైన్ తీసి, గొట్టంలోని అరలోకి కొట్టొచ్చినట్టు కనిపించే రంగు సేఫ్టీ ఫ్లాగు దూర్చాలి. దాని కొస బయటికి వేలాడుతుంటే, లోపల తూటా లేదని దూరం నుంచే అందరికీ కనిపిస్తుంది.