మొరం, చెలక, రేగడి: నేల చెప్పే పేర్లు

నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఏదైనా పాత దిగుడుబావి దగ్గర ఆగి, దాని గోడను పైనుంచి కిందికి చూడండి. పైన జానెడు మందాన గుల్లగా ఇసుక కలిసిన మట్టి. దాని కింద ముదురు ఎరుపు పొర. తడిపి వేళ్ల మధ్య నలిపితే జిగురు తగులుతుంది. ఇంకా దిగితే తెల్లటి, గులాబీ పలుకులు మెరిసే మొరం. అడుగున బండ. బావి తవ్వేవాళ్లు మొరాన్ని కూడా రెండుగా విడదీసి చెబుతారు: గడ్డపారకు లొంగేది మెత్త మొరం, లొంగనిది గట్టి మొరం.

మృత్తికా శాస్త్రం ఈ వరసకే ఏ, బి, సి, ఆర్ అని అక్షరాలు పెట్టింది. రష్యా శాస్త్రవేత్త దొకుచాయెవ్ అక్కడి నల్లనేల చెర్నోజెమ్ మీద 1883లో రాసిన గ్రంథంతో, నేలను పొరల వారీగా చదివే పద్ధతికి పునాది పడింది. వాననీరు పైపొరలోని సన్నని బంక రేణువులను కిందికి దించుతుంది. బి పొరకు ఆ జిగురు అలా వచ్చిందే. ఇనుము తుప్పు దానికి ఎరుపునిచ్చింది. మొరం అంటే సి పొర. గ్రానైట్ జాతి రాయిలోని ఫెల్డ్‌స్పార్ బంకగా మారిపోతుంటే, క్వార్ట్జ్ పలుకులు మాత్రం అలాగే మిగిలిన దశ అది. మరాఠీలో దీన్ని మురుమ్ అంటారు. కెన్యా, ఉగాండాల్లో మట్టిరోడ్లను ఇప్పటికీ మరమ్ రోడ్లనే అంటారు.

చెలక సంగతి వేరు. తెలంగాణ పల్లెల్లో నీళ్లు పారి వరి పండేది పొలం, వాన మీద ఆధారపడేది చెలక. సాగు తీరును చెప్పే మాటే మట్టికీ పేరైంది. తేలికైన ఎర్రనేల అంతా చెలకే. ఇసుక పాలు మరీ ఎక్కువైతే దుబ్బ. ఈ నేల నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచదు. ఆముదం, వేరుశనగ వంటివి దీనికి కుదిరిన పంటలు.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, ముఖ్యంగా అలంపురం వైపు, రేగడి అనే నల్లనేల కనిపిస్తుంది. రేగడి, రేగడ అన్న మన మాటే ‘రేగర్’ అయి ప్రపంచ భూగోళ పుస్తకాలకెక్కింది. దీనిలోని స్మెక్టైట్ అనే బంక ఖనిజం తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో నేల నెర్రెలు బాస్తుంది. పైమట్టి ఆ నెర్రెల్లోకి రాలుతుంది. వాన పడగానే అడుగుమట్టి ఉబ్బి పైకి తోసుకొస్తుంది. ఇలా తనను తాను తిరగేసుకునే నేల గనుక అమెరికా వర్గీకరణ 1960లో దీనికి వర్టిసాల్ అని పేరు పెట్టింది. లాటిన్‌లో వర్టెరే అంటే తిప్పడం. నలుపు చూసి సారం మెండుగా ఉందనుకోవడం పొరపాటు. చెర్నోజెమ్ నలుపు కుళ్లిన ఆకు అలములది. రేగడిలో ఆ సేంద్రియ పదార్థం తక్కువే. దీని అసలు బలం తడిని పట్టి ఉంచడం. వానలు వెనక్కి తగ్గాక కూడా మిగిలిన పదును మీదే శనగ పండుతుంది.

మన ఊళ్ల పేర్లూ శాస్త్రంలో ఉన్నాయి. 1972లో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వెలసిన చోట ఎర్రనేలను పటాన్‌చెరు శ్రేణి అని, నల్లనేలను కాసిరెడ్డిపల్లి శ్రేణి అని పరిశోధకులు పిలుస్తారు.

ఇదంతా భాషాభిమానంతో చెబుతున్నది కాదు. భూసార పరీక్షకు మామూలుగా తీసేది పై ఆరంగుళాల మట్టి. నత్రజని, భాస్వరం, పొటాష్, ఉదజని సూచిక అందులో తేలతాయి. మొరం ఎంత లోతున తగులుతుందో, తడి ఎన్నాళ్లు నిలుస్తుందో ఆ మట్టి చెప్పదు. ‘దుబ్బ చెలక, మూరెడు లోతులో మొరం’ అని రైతు చెప్పే ఒక్క ముక్క చెబుతుంది. ఈసారి మట్టి నమూనా సంచిలో పెట్టే చీటీ మీద సర్వే నంబరుతో పాటు మీ ఊళ్లో ఆ నేలను ఏమంటారో కూడా రాయండి. తీసుకునే అధికారులు దాన్ని రికార్డులోకి ఎక్కించాలి.