తూటా తగిలిన తరువాత: మలాలా స్వస్థతను గూర్చిన అపోహలు, వాస్తవములు

చెన్నపట్టణము నుండి కలకత్తాకు పోవు జాతీయ రహదారి మీద, ఒంగోలునకును చిలకలూరిపేటకును నడుమనున్న మా మార్టూరున, ప్రత్తి బోరెములను, మిరప టిక్కీలను, గ్రానైటు పలకలను మోయు లారీలు రేయింబవళ్లు సాగుచుండును గనుక, తలకు దెబ్బతగిలిన మనిషిని రాత్రివేళ గుంటూరునకు తరలించుట యనునది ఇచ్చటి కుటుంబములకు క్రొత్త సంగతి గాదు. కాబట్టియే 2012వ సంవత్సరమున పాకిస్తానునందలి స్వాత్ లోయలో, ఆడపిల్లల చదువు కొఱకు నోరువిప్పిన నేరమునకు పదునైదేండ్ల మలాలా యూసఫ్‌జాయిని తాలిబాన్లు తలపై కాల్చిరన్న వార్తను మావారు పరాయి దేశపు వార్తగా వినలేదు. తమకు తెలిసిన గాయమువలెనే విని, తమకు తెలిసినట్లే చెప్పుకొనిరి. నేను విన్నంతవఱకు ఆ కథ యిది: తూటా మెదడులో దిగినది, అక్కడివారు చేతులెత్తివేసిరి, విమానములో ఇంగ్లండు చేర్చగా దొరలు ఖర్చంతయు పెట్టుకొని బ్రదికించిరి, పిల్ల లేచి నోబెలు బహుమానము పుచ్చుకొన్నది. ఆ పిల్ల మీది ప్రేమతోడనే జనులు ఈ కథను చెప్పుదురు. ఐనను ఇందలి ప్రతి ఖండమునందును దిద్దవలసినది కలదు, దిద్దకపోయినచో మన యింటి గాయములకు సైతము చెఱుపు కలుగును.

మొదట తూటా సంగతి. అక్టోబరు 9వ తేదీన మింగోరా పట్టణమున, పరీక్ష వ్రాసి బడి వాహనములో ఇంటికి మరలుచున్న ఆ బాలికను, మలాలా యెవరని అడిగి మఱీ కాల్చిన వాని తూటా ఎడమకంటి ప్రక్కగా ప్రవేశించి, చర్మము క్రిందుగా చెంప వెంట దిగి, మెడను దాటి భుజము చేరువ నిలిచెను. మెదడులోనికి అది చొరలేదు. ఈ యొక్క వాక్యమును పట్టుకొని, మెదడు తాకని తూటాకు ఇంత యార్భాటమేలనియు, ఇదంతయు అల్లిన కథయేననియు వాదించువారు ఆమె స్వదేశమునందే యెందఱో బయలుదేరిరి. వారెఱుగని దేమనగా, తాకిడికి పగిలిన పుర్రె యెముక తునుకలు లోపలికి నెట్టబడెను, మెదడు వాచెను. ప్రాణము మీదికి తెచ్చినది ఆ వాపు. చేయి వాచినచో చర్మము సాగి చోటిచ్చును. పుర్రె సాగదు గనుక లోపలి యొత్తిడి గంటగంటకు పెరిగి, మెదడునకు నెత్తురు ప్రసరింపక, గాయమునకు దూరముననున్న భాగములు గూడ నశింపసాగును. మోటారుసైకిలు మీదనుండి పడినవాడు లేచి కూర్చుండి మంచినీళ్లడిగి త్రాగి, అర్ధరాత్రికి స్పృహ తప్పుటకు కారణము తఱచుగా నిదియే, లేదా లోపల గడ్డకట్టుచున్న నెత్తురు. "బాగానే మాట్లాడినాడండీ, తెల్లారేసరికి పలకలేదు" అని తల్లులు వాపోవుట విన్నవారికి ఈ సంగతి యెంత ముఖ్యమో చెప్పనక్కఱలేదు. తలకు దెబ్బ తగిలినవాడు మాటలాడుచున్నాడు గదా యని ఇంటికి గొనిపోయి పరుండబెట్టుట కంటె అపాయకరమైన పని లేదు.

తూటాను తీసివేసినగాని మనిషి కోలుకొనడనుట దీనికి తోడైన మఱియొక భ్రమ. మలాలా విషయమున తూటాను తీసిరి. కాని ఆమె బ్రదుకుట తీసినందువలన గాదు, మెదడు మీది యొత్తిడి తగ్గించినందువలన. దీనికి తెలుగు దేశమున అందఱెఱిగిన దృష్టాంతమొకటి కలదు. ప్రజాగాయకుడు గద్దరును 1997 ఏప్రిలు 6వ తేదీన సికిందరాబాదు చేరువనున్న ఆయన యింటివద్ద ఆగంతకులు కాల్చినపుడు, వెన్నెముక చెంత నిలిచిన యొక తూటాను తీయుట తీయకుండుట కంటె ప్రమాదమని వైద్యులు దానిని శరీరముననే వదలివేసిరి. ఆయన ఆ తూటాతోడనే ఆడి, పాడి, ఊరూరు తిరిగి, 2023 ఆగస్టు వఱకు జీవించెను.

ఇక చేతులెత్తివేసిన వైద్యుల మాట. ఇది నన్ను మిక్కిలి నొప్పించు అపోహ, ఏలయన ఇందు ఒక మనిషికి చెందవలసిన కీర్తి ఆయనకు దక్కకుండ పోవుచున్నది. స్వాత్ ఆసుపత్రిలో ప్రథమ చికిత్స జరిగిన పిమ్మట సైనిక హెలికాప్టరులో ఆ బాలికను పెషావరునందలి సైనిక వైద్యశాలకు చేర్చిరి. అచ్చటి మెదడు శస్త్రవైద్యుడు కర్నలు జునైద్ ఖాన్, ఆమె స్థితిని గంటల తరబడి కనిపెట్టి చూచి, వాపు హెచ్చి స్పృహ సన్నగిల్లుచుండుట గుర్తించి, అర్ధరాత్రి దాటిన వెనుక శస్త్రచికిత్సకు పూనుకొని, ఎడమవైపు పుర్రె యెముకలో కొంత భాగమును కోసి తీసి, వాచిన మెదడునకు చోటు కల్పించెను. ఆ రాత్రి ఆయన ఆ పని చేయకున్నచో బర్మింగుహాము వైద్యులకు చేయవలసిన పనియే మిగిలియుండెడిది కాదు.

తీసిన యెముకను ఆమె పొట్ట చర్మము క్రింద భద్రపఱచిరి. మా ప్రాంతమున ఈ మాట చెప్పిన, వినువారు నమ్మరు; నమ్మినవారు "పుర్రె తీసి పొట్టలో పెట్టడమేంటి, ఏదో మోసం" అని సందేహింతురు. మోసమేమియు లేదు. ఎముకను శుభ్రముగను సజీవముగను నిలుపుటకు రోగి స్వశరీరము కంటె తగిన తావు లేదనియు, వాపు తీసిన కొన్ని నెలలకు దానినే మరల తలమీద అమర్చవచ్చుననియు, ఈ పద్ధతి చిరకాలముగ ఆచరణలో నున్నది. మన దేశపు ఆసుపత్రులలోను ఇది జరుగుచునే యున్నది. ఆ కాలమంతయు ఎముక లేని వైపున తలను దెబ్బతగులకుండ కాపాడుకొనవలెనని ఇంటివారికి తెలియుట మాత్రము అత్యవసరము.

ఇంగ్లండు వైద్యుల పాత్ర ఎక్కడ మొదలైనదో కూడ తెలిసికొనవలెను. బర్మింగుహాము వైద్యులైన జావిద్ కయానీయును, పిల్లల అత్యవసర చికిత్సలో నిపుణురాలగు ఫియోనా రేనాల్డ్సును, కాలేయ మార్పిడి కార్యక్రమమునకు సలహాలిచ్చుటకై అప్పటికే పాకిస్తానుకు వచ్చియుండిరి. వారు పెషావరు వెళ్లి చూచి, శస్త్రచికిత్స చక్కగా జరిగినదనియు, పిదప జరుగవలసిన పరిరక్షణయే చాలదనియు తేల్చిరి. రక్తపోటు పడిపోవుట, సూక్ష్మజీవులు సోకుట, మూత్రపిండముల బలహీనత, నెత్తురు గడ్డకట్టు గుణము చెడుట — ఇవి శస్త్రచికిత్స అనంతరము ఆమెను చుట్టుముట్టిన శత్రువులు. రావల్పిండికి మార్చి, ఆమె ప్రయాణమునకు తట్టుకొనునంత కుదుటపడిన తరువాతనే, అక్టోబరు 15వ తేదీన, సంయుక్త అరబ్ ఎమిరేట్లు సమకూర్చిన వైద్యవిమానములో బర్మింగుహామునందలి క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రికి పంపిరి. ఆఫ్గనిస్తాను యుద్ధమున గాయపడిన బ్రిటిషు సైనికులకు చికిత్స చేసిన ఆసుపత్రి గనుక, తూటా గాయముల విషయమున దానికి గల యనుభవము అపారము. ప్రాణము నిలిపినది స్వదేశము. చెడినదానిని మరల కట్టినది విదేశము.

ఈ వరుస మనవారికి తలక్రిందుగా తోచుటవలన జరుగు నష్టము చిన్నది గాదు. గుంటూరు పెద్దాసుపత్రిని దాటి, హైదరాబాదు పోయిననేగాని బ్రదుకడను నమ్మకముతో, స్పృహలేని మనిషిని అద్దె కారులో వెనుక సీటున పరుండబెట్టి గంటలకొలది ప్రయాణము చేయించినవారిని నేనెఱుగుదును. తలగాయమునకు మొదటి గంటలే ఆయువుపట్టు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున 108 వాహనములు బయలుదేరినది ఆ గంటలను కాపాడుటకే. చేరువనున్న స్కాను, చేరువనున్న శస్త్రవైద్యుడు — ఇవి ముందు. పేరున్న ఆసుపత్రి తరువాత.

మలాలా తనవారెవరును లేక బర్మింగుహాము చేరిన సంగతిని చెప్పునపుడు జనులు తండ్రిని నిందించుట కద్దు: కన్నబిడ్డను పరుల చేతిలో పెట్టి పంపెనే యని. జియావుద్దీన్ యూసఫ్‌జాయి ఎదుట ఆనాడు నిలిచిన సంకటమును ఊహించుట కష్టము. కుమార్తెతో తానొక్కడు పోవచ్చును. భార్యకును ఇద్దఱు కుమారులకును ప్రయాణపత్రములు సిద్ధముగా లేవు. కాల్చినవారు మరల వత్తుమని బాహాటముగా బెదరించుచుండిరి. భార్యాబిడ్డలను అట్టి అపాయమున విడువలేక, రేనాల్డ్సును బిడ్డకు తాత్కాలిక సంరక్షకురాలిగా నిర్ణయించి, ఆయన వెనుక నిలిచెను. అక్టోబరు 16న బర్మింగుహామున ఆ బాలికకు తెలివి వచ్చునప్పటికి చుట్టునున్నవారందఱు అపరిచితులు. కంఠమున గొట్టము గనుక మాట లేదు. చూపు మసకగా నుండెను, ఎడమ చెవి వినబడలేదు, మొగములో ఒక ప్రక్క కదలలేదు. అక్షరముల పలక నిచ్చినపుడు ఆమె యడిగినది తండ్రిని గూర్చి, తానే దేశమున నున్నానని. కొన్నాళ్లకు ఆమెను వేధించిన చింత మఱింత హృదయవిదారకము: తండ్రి డబ్బున్నవాడు కాడు గదా, ఈ వైద్యమునకు చెల్లించువా రెవరని. టెలిఫోనులో తండ్రి గొంతు వినిపించినను బదులు పలుక వీలులేకపోయెను. అక్టోబరు 25న గాని తల్లిదండ్రులును తమ్ములును ఆమె చెంత చేరలేదు.

ఈ తొమ్మిదినాళ్లను జనులు కథలో ఒక చిన్న విరామముగా దాటివేయుదురు. నా దృష్టిలో ఆమె పొందిన చికిత్సలో ఇదియొక పెద్ద భాగము. స్పృహ వచ్చిన రోగికి తానెక్కడ నున్నదియు, ఏమి జరిగినదియు, తనవారు క్షేమమా యనునదియు తెలియకున్నచో భయము పెరిగి, ఆ భయము వలన రక్తపోటు, నిద్ర, ఆహారము అన్నియు చెడును. అందువలననే ఆమె భాషలలో నొకటి యెఱిగిన కయానీ వంటివారు ప్రక్కన నుండి మాటిమాటికి ధైర్యము చెప్పుటయు, ఆసుపత్రిలోని ముస్లిము ధర్మబోధకురాలు వచ్చి ప్రార్థన చదువుటయు, పెషావరు రాత్రి శస్త్రచికిత్స వలెనే, వైద్యములో లెక్కింపదగినవి. మా వీధులలో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో బిడ్డలు లేని వీధి అరుదు; అచ్చట ఆసుపత్రిలో పడిన బిడ్డను చేరుటకు వీసా కొఱకు వేచియున్న తల్లిదండ్రులకు ఆ నిరీక్షణ ఎట్టిదో నేను చెప్పనక్కఱలేదు. వారికి నేను చెప్పగలిగినది ఒకటి: ఆ దినములలో తెలుగు మాటలాడు మనిషి నొక్కని ఆ మంచము ప్రక్కకు పంపుట, ఇక్కడనుండి చేయదగిన సాయములలో పెద్దది.

ఖర్చు దొరలు పెట్టలేదు. చికిత్సావ్యయమును భరించినది పాకిస్తాను ప్రభుత్వము.

గాయము వలననే ఆమెకు పేరు వచ్చెననుటయు సరికాదు. 2009లో, పదునొకండేండ్ల ప్రాయమున, గుల్ మకాయ్ అను మాఱుపేరుతో బీ.బీ.సీ. ఉర్దూ విభాగమునకు దినచర్య వ్రాసినది ఆమె. 2011లో పాకిస్తాను ప్రభుత్వపు యువజన శాంతి బహుమానము పొందినది. పేరుండుటవలననే వెదకి కాల్చిరి. ఆనాడు అదే వాహనములో షాజియా రంజాన్, కైనాత్ రియాజ్ అను ఇరువురు సహాధ్యాయినులు గూడ తూటాలకు గుఱియైరి. వారు పాకిస్తానుననే చికిత్స పొంది, ఆ మరుసటి యేడు చదువు కొఱకు వేల్సు చేరిరి. మన కథలలో వారి పేర్లు వినబడకపోవుట అన్యాయము.

మిగిలినది, ఆసుపత్రి విడిచిన దినమే స్వస్థత దినమను అపోహ. 2013 జనవరి 3న ఆమె ఆసుపత్రి విడిచెను. ఫిబ్రవరి 2న మరల శస్త్రచికిత్సకు వచ్చెను. పొట్టలో దాచిన యెముకకు బదులుగా, ఆమె తలకు సరిపడునట్లు చేయించిన పలుచని టైటేనియం రేకును బిగించి, అదే సమయమున ఎడమచెవికి కాక్లియర్ ఇంప్లాంటు అమర్చిరి. అంతకు ముందు నవంబరులో, తెగిన ముఖనాడిని రిచర్డ్ ఇర్వింగ్ అను శస్త్రవైద్యుడు గంటల తరబడి శ్రమించి కలిపెను. కలిపిన నాడి మఱునాడే పనిచేయదు. దినమునకు రమారమి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగును. ఆ కాలమంతయు అద్దము ముందు కూర్చుండి చెంపను, కనుఱెప్పను, పెదవిని కదలించు అభ్యాసము విడువరాదు. చెవిలోని యంత్రమును అట్టిదే. మన రాష్ట్రమున ఆరోగ్యశ్రీ క్రింద ఎందఱో చిన్నారులకు దీనిని అమర్చిరి. అమర్చినంతనే పిల్ల వినుననుకొని, మాటలు నేర్పు తరగతులు మానివేసిన యిండ్లలో ఆ యంత్రము నిరుపయోగమైనది. అది శబ్దమును విద్యుత్సంకేతములుగ మార్చి నాడికి అందించును; ఆ సంకేతములకు అర్థము నేర్చుకొనవలసినది మెదడే, అందుకు నెలల సాధన కావలెను.

2013 మార్చిలో ఆమె బర్మింగుహామున బడికి పోసాగెను, జూలై 12న ఐక్యరాజ్యసమితిలో ప్రసంగించెను, 2014లో కైలాశ్ సత్యార్థితో కలిసి నోబెలు శాంతి బహుమానము పొందెను. ఇవన్నియు లోకమెఱుగును. 2021 ఆగస్టున, కాబూలు తాలిబాన్ల వశమగుచున్న వారములలోనే, బోస్టనులో ఆమె ఆఱవ శస్త్రచికిత్స చేయించుకొనుచుండెనని ఎఱిగినవారు కొందఱే. కాల్పులు జరిగిన కొన్నియేండ్లకు, ఆక్స్‌ఫర్డున చదువుచుండగా, ఆ దినము మరల కన్నులముందు నిలిచి తన్ను భయకంపితను చేసిన సంగతిని ఆమెయే 2025లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను. తలగాయమునుండి లేచినవానికి కోపము, మఱపు, నిద్రలేమి, ఉలికిపాటు కలిగినపుడు మనవారు "పిచ్చి పట్టింది", "గాలి సోకింది" అని తాయెత్తు కట్టింతురు. అది గాయములోని శేషము. దానికి వైద్యులున్నారు, మందులున్నవి, ఓపికతో చెప్పువారున్నారు. గుంటూరునుండి ఇంటికి వచ్చిన మూడవ నెలలో వ్యాయామము మానిపించి, మిరపకోతలు వచ్చినవని మనిషిని చేనికి తోలుట వలన, నడువవలసినవాడు కుంటివాడైన యిండ్లు మా మండలమున కలవు. ఆసుపత్రి విడుచుదినమున డాక్టరు గారిని అడుగవలసినవి మూడున్నవి: మరల ఎప్పుడు రావలెను, ఏ వ్యాయామము ఎన్ని నెలలు చేయింపవలెను, ఏ లక్షణము కనబడిన నిలువున పరుగెత్తి రావలెను. వాని సమాధానములను కాగితము మీద వ్రాయించుకొని, ఇంట గోడకు అంటింపుడు.